పడమటి హద్దు

"మీ సొంతూరేది?" అని అడిగితే ఎవరైనా ఊరి పేరు చెప్తారు. మేమూ చెప్తాం. పూతలపట్టు. పీలేరు నుంచి చిత్తూరుకు పోయే రోడ్డూ, తిరుపతి నుంచి వచ్చే రోడ్డూ కలిసే చోటు. వేరేవాళ్లకు ఈ జవాబుతో ప్రశ్న ముగుస్తుంది. మాకు అక్కడే మొదలవుతుంది.

"అది సరే. అసలు ఎక్కడ్నుంచి వచ్చారు?"

ఈ 'అసలు' అనే మాటే అరబ్బీ నుంచి వచ్చింది. అడిగేవాళ్లకు ఆ సంగతి తెలీదు. ఆ మాట తెలుగులోకి వచ్చి ఎన్ని వందలేళ్లయిందో, అది ఎవరింటి వసారాలో దిగిందో ఎవరూ అడగరు. మాటను పరాయిది అని ఎవరూ అనరు. మనిషిని అంటారు.

ఈ ఊరి పేరునే ఇంటిపేరుగా పెట్టుకున్న కవి పూతలపట్టు శ్రీరాములురెడ్డిగారు కంబరామాయణాన్ని అరవంనుంచి తెలుగులోకి తెచ్చారు. మా వైపు అందరికీ అది గర్వం. నాకూ గర్వమే. పుస్తకం హద్దు దాటి వస్తే మర్యాద. మనిషి దాటి వచ్చాడని అనుమానం కలిగితే మాత్రం కాయితం చూపించాలి. దాటకపోయినా చూపించాలి.

మేము దూదేకులవాళ్లం. ఇంట్లో మాట్లాడేది తెలుగు. అమ్మను అమ్మ అంటాం, నాయన్ను నాయన అంటాం, జేజమ్మను అవ్వ అంటాం. పెళ్లి నిఖా, చావు జనాజా. మధ్యలో బతుకంతా తెలుగు. చిత్తూరులో ఉర్దూ మాట్లాడే మా మతంవాళ్ల పెళ్లికి పోతే "ఉర్దూ రాదా? మరి మీరెట్లా ముసల్మానులు?" అంటారు. ఊర్లో కులపోళ్ల అరుగు మీద కూర్చుంటే "మీకేమప్పా, మీకు అరబ్బు దేశాలుండాయి" అంటారు. ఒకరికి మేము చాలినంత ముసల్మానులం కాము, ఇంకొకరికి చాలినంత ఈ ఊరివాళ్లం కాము. ఇద్దరి మధ్యా వున్నది ఒక పాత ఇల్లు. ఆ ఇల్లు ఎప్పటిదో, ఎవరు కట్టారో తెలుసుకోవాలని నేను తిరిగిన తిరుగుడే ఈ వ్యాసం.

మా ఇంటి గురించి మా అవ్వ చెప్పిన కథ ఒకటుంది. "మనం హైదరాలీ దండుతో వచ్చినాం. దండు పోయింది, మనం నిలిచిపోయినాం." ఆ మాట చెప్పేటప్పుడు అవ్వ నడుం నిటారుగా అయ్యేది. దూదేకే కులానికి ఊర్లో ఏం మర్యాద వుంటుంది? వీధిలో పిలుపే ఒక తిట్టు. అందుకని ఆమెకు ఒక దండు కావలసి వచ్చింది, గుర్రాలు కావలసి వచ్చాయి, ఒక నవాబు కావలసి వచ్చాడు.

కొన్నేళ్ల తర్వాత అదే కథ నేను వేరే నోటి వెంట విన్నాను. వినాయకుడి ఊరేగింపు మా వీధి మలుపు తిరిగేటప్పుడు ఒక కుర్రాడు గట్టిగా అన్నాడు: "టిప్పు సుల్తాను దండుతో వచ్చినోళ్లు మీరు, దండుతో పోవాల్సింది."

అప్పుడు తట్టింది. మా ముసలోళ్లు గర్వంగా చెప్పుకున్నదీ, వాళ్లు ఎగతాళిగా అంటున్నదీ ఒకటే మాట. మేము బయటోళ్లమని ఇద్దరూ ఒప్పేసుకున్నారు. ఈ ఒక్కటైనా నిజమా కాదా చూడాలి గదా అనిపించింది.

దండులు రాకపోలేదు. మా పక్కనే వున్న దామలచెరువు కనుమలో 1740 మే నెలలో ఆర్కాటు నవాబు దోస్త్ అలీ ఖాన్ మరాఠాల చేతిలో చచ్చిపోయాడు. ఇవాళ దామలచెరువు అంటే మామిడికాయల మండీ గుర్తొస్తుంది, నవాబు గుర్తు రాడు. 1780లో హైదరాలీ కర్ణాటకం మీదికి దిగాడు. 1782 డిసెంబర్ 7న చిత్తూరు దగ్గర నరసింగరాయనిపేట విడిదిలో వీపు మీద రాచపుండుతో చచ్చిపోయాడు. కొడుకు టిప్పు మలబారు వైపు నుంచి వచ్చి చేరేదాకా చావు కబురు దండులో పొక్కనీకుండా దాచి, శవాన్ని కోలారుకు పంపించారు. తర్వాత శ్రీరంగపట్నంలో గుంబజు కింద పెట్టారు. అంటే అవ్వ కథకు నేల వుంది. దండు ఈ దారినే పోయింది.

కానీ దండు ఒక దారిన పోతే ఆ దారి పక్క వున్న వాళ్లంతా దండులోంచి రాలిపోయిన వాళ్లే అయిపోరు. ఆ దండులో రెడ్లు లేరా? బోయలు లేరా? హైదరు దగ్గర కొలువు చేసిన పూర్ణయ్య బ్రాహ్మడు. ఆయన కులంవాళ్లను ఎవరూ "హైదరు దండుతో వచ్చారు" అనరు.

పైగా దూది ఏకే పనికి దండుతో పనిలేదు. పత్తి కావాలి, సాలెవాళ్లు కావాలి, పరుపులు కుట్టించుకునే ఇండ్లు కావాలి. అంటే ఊరు కావాలి. 1909లో థర్‌స్టన్ అచ్చువేసిన ఏడు సంపుటాల కులాల పుస్తకంలో దూదేకులవాళ్ల మీద ఒక పద్దు వుంది. పత్తి శుభ్రంచేసే పని పట్టిన మహమ్మదీయులని అందులో మమ్మల్ని లెక్క రాశారు. తెల్లదొరలు మా తలలు కొలిచారు, ఆచారాలు రాసుకున్నారు. మా ఇండ్లను మాత్రం కొలవలేదు.

వెతకాలన్న పట్టుదల వచ్చింది 2019 చివరి నెలల్లో. పౌరసత్వ చట్టం సవరించారు. దాని వెనకే జాతీయ పట్టిక వస్తుందన్నారు. శుక్రవారం నమాజు అయినాక మసీదు బయట చెప్పులు వేసుకుంటూ మనుషులు మాట్లాడుకునేది ఒకటే: "నీ దగ్గర ఏం కాయితం వుంది?" బడికి పోని ముసలామెకు పుట్టిన తేదీ ఎక్కడ్నుంచి వస్తుంది? "నేను పుట్టిన ఏడు చెరువు తెగింది" అంటుంది. చెరువు తెగిన ఏడు ఏ కంప్యూటర్‌కు ఎక్కుతుంది?

ఆ రోజుల్లోనే మా చిన్నాయన కొడుకు పాత ఇల్లు పడగొట్టి స్లాబు వేద్దామని ఒక బ్యాంకుకు పోయాడు. ముప్పై ఏళ్ల లింకు డాక్యుమెంట్లు అడిగారు. లేవు. ఇంటిపన్ను రసీదులు చూపించాడు. చాలవన్నారు. ఒక ఆఫీసులో గుమాస్తా నవ్వుతూ, "మీ ఇండ్లన్నీ వక్ఫువే గదా, మీకు వేరే కాయితం ఎందుకు?" అన్నాడంట. వాడు ఇంటికి వచ్చి ఆ మాట నాకు చెప్పి, అన్నం తినకుండా పడుకున్నాడు. నేను ఒక సంచీ, ఒక నోటుబుక్కు తీసుకున్నాను.

ముందు ఇంటినే అడిగాను.

పాత ఇల్లు ఒక్కనాడు కట్టింది కాదు. మాది వెనక మట్టిమిద్దె, ముందర పెంకుల వసారా. రెండు పక్కలా తిన్నెలు. మిద్దెకు దూలాలు, వాటి మీద దంతెలు, పైన చవుడుమట్టి. వసారా మీది పెంకులు నాటు పెంకులు కావు, మంగుళూరు పెంకులు. ఒకటి దించి కడిగి చూస్తే వీపు మీద ఇంగ్లీషు అక్షరాల్లో ఊరి పేరు అచ్చుగుద్ది వుంది. మంగుళూరులో బాసెల్ మిషన్‌వాళ్లు మొదటి పెంకుల ఫ్యాక్టరీ పెట్టింది 1865లో. మా వైపు పాకాల మీదుగా కాట్పాడికి మీటర్‌గేజి రైలు వచ్చింది పంతొమ్మిదో శతాబ్దం చివర్లో. అంత బరువు పెంకులు కనుమలు దాటి బండ్ల మీద వచ్చాయనుకోవడం కన్నా రైల్లో వచ్చాయనుకోవడమే సబబు. అంటే వసారా రైలు తర్వాతది. మిద్దె దానికంటే పాతది.

మిద్దె నడిమి దూలానికి ఒక ఇనుప కొండీ వుంది. చిన్నప్పుడు దానికి ఉయ్యాల కట్టేవాళ్లు. ఉయ్యాల కోసం కొట్టిన కొండీ అనుకునేవాణ్ణి. మా పెదనాయన చెప్పాడు: "ఉయ్యాలకు కాదు రా, ఏకే విల్లు వేలాడదీసేదానికి." విల్లు బరువు చేతికి పడకుండా పైన్నుంచి తాడుతో కట్టి, నారి మీద కొయ్యతో కొడుతూ దూది ఏకేవాళ్లు. ఆ కొండీ చుట్టూ దూలం అరిగి నున్నగా వుంది. నవాబుల ఇండ్లలో ఝూమర్లు వేలాడతాయి. మా ఇంట్లో విల్లు వేలాడింది. ఆ ఇల్లు కట్టినవాడు సిపాయి కాదు, పనివాడు. దూలమే చెప్పింది.

ఇక ద్వారబంధం. ఊర్లో పాత ద్వారబంధాలన్నీ తిరిగి చూశాను. రెడ్ల ఇంట్లో, శెట్టి ఇంట్లో, మా ఇంట్లో అదే తీగ, అవే చిలకలు, అదే ఉలి. ఒకే ఆచారి కుటుంబం చేతి పని అని చూస్తేనే తెలుస్తుంది. వాళ్ల ఇండ్లలో పైకమ్మి నడిమిన లక్ష్మి వుంది. మా ఇంట్లో అక్కడ తామరపువ్వు మాత్రమే వుంది, లక్ష్మి కూర్చునే చోటు ఖాళీగా. ఆ ఆచారికి మేమెవరో తెలుసు. మాకేం కావాలో తెలుసు. మమ్మల్ని అడిగో అడక్కుండానో బొమ్మ ఆపేసి పువ్వు వుంచాడు. సెక్యులరిజం అనే మాట అప్పటికి తెలుగులో లేదు. ఉలి ఎక్కడ ఆపాలో తెలిసిన మనిషి వున్నాడు.

ఆ గడపకు మా అవ్వ పండగనాడు పసుపు పూసేది. లోపల పడమటి గోడ గూట్లో గ్యార్మీ నాడు దీపం పెట్టేది. పసుపు గురించి మసీదులో అడిగారు, దీపం గురించి వీధిలో అడిగారు. ఆమె ఇద్దరికీ జవాబు చెప్పలేదు.

తర్వాత ఆఫీసులు.

రిజిస్ట్రేషన్ ఆఫీసుల్లో కంప్యూటర్లు వచ్చింది 1998లో. ఈసీ అడిగితే కంప్యూటర్ 1983 దాకా చెప్తుంది. అంతకు ముందుది కావాలంటే చేత్తో రాసిన ఇండెక్సు పుస్తకాలు తిరగెయ్యాలి. మా ఇల్లు ఎప్పుడూ అమ్ముడుపోలేదు, తాకట్టు పెట్టలేదు. అమ్మని ఇంటికి దస్తావేజు వుండదు. తరతరాలుగా ఒకేచోట వుండటమే మా నేరమైపోయింది. ఊరు మారిన వాడికి కాయితం వుంది, మారని వాడికి లేదు.

రెవెన్యూ రికార్డు చూస్తే ఇంకో సంగతి బయటపడింది. సెటిల్‌మెంటు రిజిస్టరులో పొలాలకు పేర్లున్నాయి, విస్తీర్ణాలున్నాయి, శిస్తు వుంది. ఇండ్లున్న జాగా మొత్తానికి ఒకే మాట: గ్రామనత్తం. కోస్తాలో గ్రామకంఠం అనేది మా అరవ గాలి తగిలిన సీమలో నత్తం. అందులో ఎవరి పేరూ లేదు. కారణం చిన్నది. సర్కారు శిస్తు వేసే చోటే పేరు రాసుకుంటుంది. ఇంటి జాగాకు శిస్తు లేదు, కాబట్టి పేరు లేదు. 1905లో మద్రాసు సర్కారు తెచ్చిన భూ ఆక్రమణ చట్టం కూడా సొంత ఇంటి స్థలాన్నీ, పెరటినీ, గుడి స్థలాన్నీ సర్కారు సొత్తు లెక్కలోంచి తప్పించింది. నత్తంలో ఇల్లు కట్టుకుని వున్నవాడిదే ఆ జాగా అని హైకోర్టులు చాలాసార్లు చెప్పాయి.

అంటే ఏమిటి? నత్తంలో రెడ్డిగారికీ కాయితం లేదు, శెట్టిగారికీ లేదు, పూజారికీ లేదు, మాకూ లేదు. కాయితం లేకపోవడంలో ఊరంతా సమానమే. అడగటంలోనే తేడా వుంది. రెడ్డిగారిని "అసలు ఎక్కడ్నుంచి వచ్చారు?" అని ఎవరడిగారు? 2020లో మొదలైన కొత్త సర్వేల్లో డ్రోన్లు ఎగిరించి నత్తం ఇండ్లను కూడా కొలవడం పెట్టుకున్నారు. మంచిదే. కానీ డ్రోనుకు కప్పు కనిపిస్తుంది, కింద ఎవరు ఎన్నాళ్లుగా వున్నారో కనిపించదు. అది పక్కింటి వాళ్లే చెప్పాలి.

మద్రాసు ఎగ్మూరులో ఆర్కైవ్స్‌కు కూడా పోయాను. చిత్తూరు జిల్లా పుట్టింది 1911 ఏప్రిల్ 1న. అంతకు ముందు మా ఊరు ఉత్తర ఆర్కాడు జిల్లాలో వుండేది. ఆ జిల్లాకు కచేరీ చిత్తూరులోనే వుండేది. 1801లో నవాబు చేతిలోంచి కుంపిణీ చేతిలోకి పోయిన సీమ ఇది. 1858లో మొదలైన ఇనాం కమిషన్ రాసిన రిజిస్టర్ల మాటా తెలిసింది. గుడి మాన్యం, మసీదు మాన్యం, ఖాజీ మాన్యం, ఫకీరు మాన్యం, అన్నీ వరసగా రాసి పెట్టారు. మాన్యం వున్నవాడికి చరిత్ర వుంది. దూది ఏకి పూట గడుపుకున్న వాడికి మాన్యం ఎవరిస్తారు? దేవుడి పేరు చెప్పినవాడే ఆ పుస్తకాల్లోకి ఎక్కాడు. పనివాడు ఏ మతంవాడైనా ఎక్కలేదు.

ఆ కాయితాల్లో నా ఇల్లు దొరకలేదు గానీ ఒకటి దొరికింది. ఆ కాయితాల భాష. దస్తావేజు, జమాబందీ, హద్దు, రసీదు, కిస్తు, బాకీ, వసూలు, దరఖాస్తు, తాలూకా, జిల్లా, రైతు. అన్నీ అరబ్బీ ఫారసీల నుంచి వచ్చిన మాటలే. సంవత్సరం రాసేది ఫసలీలో. ఫసలీకి 590 కలిపితే ఇంగ్లీషు సంవత్సరం వస్తుంది, జూలైలో ఏడు మారుతుంది. అక్బరు కాలంలో పంటల లెక్కకు పుట్టిన ఫసలీలో మా ఊరి కరణాలు తరతరాలుగా శిస్తు లెక్క రాశారు. మమ్మల్ని పరాయివాళ్లని తేల్చడానికి అడిగే కాయితంలో సగం మాటలు మా పరాయితనంలోంచి వచ్చినవే. ఆ మాటలు తీసేస్తే ఆ కాయితమే మిగలదు.

ఇక ఇంతేలే అనుకున్నప్పుడు పక్కింటి అవ్వ పిలిచింది. మా తూర్పు గోడా, వాళ్ల పడమటి గోడా ఒకటే. వాళ్లు శెట్లు. నా తిరుగుడు వీధంతా తెలిసిపోయింది గదా.

"ఏం నాయనా, ఇంటి కాయితం కోసం ఊర్లన్నీ తిరగతా వుండావంట? మా పెట్టెలో ఏందేందో వుండాయి. నాకు చదవను రాదు. చూసుకో."

ఇనుప ట్రంకు. మీద ఎలకలు కొట్టిన గోనెపట్ట. లోపల పంచాంగాలు, పాల లెక్కలు, పెళ్లిపత్రికలు. అడుగున గుడ్డలో చుట్టిన ఒక స్టాంపు కాయితం. ఆమె మామగారి తండ్రి ఆ ఇల్లు కొన్న క్రయపత్రం. తేదీ రాసిన పైమూల చెదలు తినేశాయి. ముద్రలో ఐదో జార్జి తల వుంది. చిత్తూరు జిల్లా అని రాసి వుంది. జిల్లా పుట్టింది 1911లో, ఐదో జార్జి చచ్చిపోయింది 1936లో. ఆ పాతికేళ్లలో రాసిందన్నమాట.

కరణం దస్తూరీ గొలుసుకట్టు. కూడబలుక్కుంటూ చదివాను. చివర్లో చెక్కుబందీ వచ్చింది. ఆ రోజుల్లో ఇంటి నంబర్లు లేవు. నాలుగు పక్కలా ఎవరున్నారో రాస్తేనే మధ్యనున్నది ఫలానా ఇల్లని తేలుతుంది. తూర్పున ఆచారి ఇల్లు. ఉత్తరాన రెడ్ల దొడ్డి. దక్షిణాన పీర్లచావిడికి పోయే బాట. పడమర...

పడమర దూదేకుల వాళ్ల మిద్దె. ముందు మా ముత్తాత పేరు, దాని ముందర ఆయన నాయన పేరు. పేరు చివర ఖాన్ లేదు, బేగ్ లేదు. గోడ ఉమ్మడి, ఆ గోడ మీద ఇద్దరికీ సమానమైన హక్కు వుందని ఒక వాక్యం. కింద సాక్షుల్లో మూడోవాడు మా ముత్తాతే. సంతకం రాదు. నల్లటి వేలిముద్ర, పక్కన కరణం చేత్తో ఆయన పేరు.

మాకు కాయితం లేదు. పక్కింటి కాయితంలో మేమున్నాం. ఆ ఇల్లు ఎక్కడుందో చెప్పడానికి శెట్టిగారికి మేము కావలసి వచ్చాం. పడమర మేము లేకపోతే ఆ ఇంటికి హద్దే లేదు. ఇల్లు ఆయన కొన్నదే, అది ఆయనదని చెప్పడానికి వేలిముద్ర వేసింది మేము. ఇవాళ "మీరిక్కడోళ్లని సాక్ష్యమేదీ?" అని అడుగుతున్న ఊరికి అప్పుడు సాక్ష్యం మేమే.

పక్కింటి అవ్వకు చదివి వినిపించాను. ఆమె పెద్దగా ఆశ్చర్యపోలేదు. "దాన్లో ఏముండాది నాయనా, మీరు ఆ పక్క వుండేది నిజమే గదా" అనింది. అంతే.

పాత కట్టడాల చరిత్ర వెతకడం ఈ దేశంలో అమాయకమైన పని కాదు. 1992 డిసెంబర్ 6 తర్వాత అసలే కాదు. ఆ ముందు ఏడే ప్రార్థనా స్థలాల చట్టం వచ్చింది. 1947 ఆగస్టు 15 నాటికి ఏది ఏ మతానిదో అదే వుండాలని, అయోధ్యను మాత్రం పక్కనపెట్టి, చెప్పింది. 2019 నవంబర్ 9న అయోధ్య తీర్పు వచ్చింది. తర్వాత ఒక మసీదు వెనక ఒక మసీదు కింద ఏముందో చూడాలని దావాలు పడ్డాయి. 2024 డిసెంబర్ 12న సుప్రీంకోర్టు కొత్త దావాలు తీసుకోవద్దని, సర్వేలకు ఆర్డర్లు ఇవ్వొద్దని కింది కోర్టులకు చెప్పాల్సి వచ్చింది.

దీంట్లో నాకు కనిపించేది ఒకటి. చరిత్ర రెండు రకాలుగా వెతకొచ్చు. కిందికి తవ్వి, దీనికంటే ముందు ఏముంది అని అడగొచ్చు. పక్కకు చూసి, దీని పక్కన ఎవరున్నారు అనీ అడగొచ్చు. మొదటి దానికి అంతం లేదు. ఎంత తవ్వితే అంత ముందుది వస్తుంది, చివరికి రాయి తగుల్తుంది. రెండోదానికి నాలుగు దిక్కులు చాలు. మన పెద్దలు ఆస్తి రాసుకున్నది ఈ రెండో పద్ధతిలో. చెక్కుబందీలో "కింద" అనే హద్దు లేదు.

ఆ దస్తావేజులో దక్షిణపు బాట పోయే పీర్లచావిడి ఇప్పటికీ వుంది. చుట్టూ రేకులు, ముందర గుండం. మొహర్రం పది రోజులు పీర్లను ఎత్తేది మావాళ్లే కాదు. గుండానికి కట్టెలు రెడ్ల ఇండ్లనుంచి వస్తాయి, మొక్కుబడి బెల్లం అన్ని కులాల నుంచి వస్తుంది. అనంతపురం వైపు గూగూడు కుళ్లాయస్వామిని చూసినవాళ్లకు ఇది చెప్పక్కర్లేదు. మా చావిడికి పట్టా వుందా? లేదు. వాడుకే దాని పట్టా. ఇన్నాళ్లూ చట్టం కూడా అట్లాంటి వాడుకను ఒప్పుకుంది. 2025 ఏప్రిల్‌లో అమల్లోకి వచ్చిన వక్ఫు సవరణ చట్టం ఇకమీదట వాడుక వల్ల వక్ఫు అనే దాన్ని తీసేసింది. ముందే రిజిస్టరైనవి నిలుస్తాయి, అవి కూడా వివాదం లేకపోతే, సర్కారు భూమి కాకపోతేనే. 2025 సెప్టెంబర్ 15న సుప్రీంకోర్టు కొన్ని సెక్షన్లను ఆపింది, చట్టం మొత్తాన్ని ఆపలేదు. జూన్‌లో పెట్టిన పోర్టల్‌లో ఆరు నెలల్లో వివరాలు ఎక్కించాలన్నారు. పీర్లకు మొక్కే రెడ్డమ్మకు పోర్టల్ అంటే ఏమిటో ఎవరు చెప్తారు? ఆమె మొక్కు ఏ కాలంలో ఎక్కించాలి?

మన తప్పు కూడా కొంత వుంది. మనవాళ్లు మసీదు పాతబడితే పడగొట్టి నున్నటి టైల్సు, ఆకుపచ్చ రంగు, మినార్లు పెడతారు. పాత సున్నపు గోడ, రాతి మీద హిజ్రీ సంవత్సరం, కొయ్య కంబాలు, అన్నీ ట్రాక్టరెక్కి చెరువు కట్టకు పోతాయి. పీర్లచావిడి అయితే "అది షిర్కు" అని మొహం తిప్పుకుంటారు. పసుపు పూసిన గడప అయితే సిగ్గుపడతారు. అరబ్బు దేశం నుంచి వచ్చామనే కథ మాత్రం దాచుకుంటారు. ఎవరో మన చరిత్ర చెరిపేస్తున్నారని కేకలు పెట్టే ముందు మన చేతిలోని గునపం కింద పెట్టాలి. ఇక్కడ కట్టినదాన్ని మనమే పడగొట్టి, ఎక్కడ్నుంచో వచ్చామని మనమే చెప్పుకుంటే, పొమ్మనేవాడికి పని తక్కువవుతుంది.

మా చిన్నాయన కొడుకు అప్పు సంగతి చెప్పాలి. పక్కింటి క్రయపత్రం నకలు, ఇంటిపన్ను రసీదులు, కరెంటు బిల్లులు పట్టుకుని ఇంకో చోటికి పోయాడు. పక్కింటి కాయితం మనకు హక్కుపత్రం కాదని అక్కడి వకీలు చెప్పాడు. అది నిజమే. కానీ స్వాధీనం ఎన్నాళ్లదో చెప్పడానికి పనికొస్తుందని ఒప్పుకున్నాడు. ఇంకా తిరుగుతున్నాడు. ఇల్లు ఇంకా పడలేదు. పడ్డా ఆ ద్వారబంధమూ, కొండీ వున్న దూలమూ నాకిమ్మని అడిగి పెట్టాను.

పక్కింటి అవ్వ పోయింది. ఆమె కొడుకు బెంగుళూరులో వుంటాడు. ఇల్లు అమ్మకానికి పెట్టాడు. డాక్యుమెంటు రైటరు కంప్యూటర్‌లో కొట్టిన ముసాయిదా చూడమని నాకు కూడా ఇచ్చాడు, గోడ ఉమ్మడిది గదా. హద్దులు చూశాను. తూర్పు: ఇతరుల ఇల్లు. ఉత్తరం: ఇతరుల స్థలం. దక్షిణం: రోడ్డు. పడమర: ఇతరుల ఇల్లు.

ఇతరులు. ఆచారి ఇతరుడే, రెడ్డి ఇతరుడే, మేమూ ఇతరులమే. పీర్లచావిడి బాట ఉత్త రోడ్డయింది. ఎవరి మీదా కోపంతో రాసింది కాదు. అచ్చు ముందే కొట్టిపెట్టుకున్న ఫారం అది, అందరికీ అదే. కానీ ఇంకో వందేళ్లకు నాలాంటివాడు ఒకడు వచ్చి ఈ కాయితం విప్పితే అందులో వాడికి ఏం దొరుకుతుంది?

"అన్నా, పడమటి హద్దులో పేరు రాయించు" అన్నాను. అతను ఒక నిమిషం అర్థంకానట్టు చూశాడు. తర్వాత రైటరుకు ఫోన్ చేసి, "నాలుగు దిక్కులా పేర్లు పెట్టు సామీ. మా జేజినాయన కాయితంలో పేర్లుండాయి. ఇతరులేంది, వాళ్లెవురో మనకు తెలీదా?" అన్నాడు. రైటరు విసుక్కున్నాడు, మళ్లీ కొట్టాడు. పడమర ఇప్పుడు మా నాయన పేరుంది.

ఇది చదువుతున్న మీరు ఏ మతంవాళ్లయినా సరే, మీ ఇంటి దస్తావేజు ఒకసారి బయటికి తీయండి. మీ హద్దుల్లో ఎవరున్నారో చూడండి. పేరుంటే ఆ ఇంటికి పోయి చెప్పండి. వాళ్ల పెట్టెలో మీరున్నారేమో అడగండి. పేరు లేకుండా 'ఇతరులు' అని వుంటే, ఈసారి రాయించేటప్పుడు పేరు రాయించండి.